టీసీల మేడం గారి కంప్యూటర్

మొన్న మంగళవారం పొద్దున్న అగ్రహారం నుంచి ఒకాయన వచ్చి తన లాప్‌టాప్ నా బల్ల మీద పెట్టాడు. "కొని ఆరేళ్ళయిందండి. ముసల్దయిపోయింది. ఆన్ చేస్తే కాఫీ తాగొచ్చేదాకా తెరుచుకోదు" అన్నాడు. నేను అలవాటు ప్రకారం నా ఉపన్యాసం అందుకున్నాను. కంప్యూటర్‌కి ముసలితనం ఉండదండీ, కొన్న రోజు లోపలి చిప్పు ఎంత వేగంగా లెక్క చేసేదో ఇవాళా అంతే చేస్తుంది, మారింది దాని మీద మనం పెట్టిన బరువు, దానికి ఆడకుండా చేసిన గాలీనూ, అని మొదలుపెట్టి ఇంకా సగంలో ఉన్నాను. అంతలో షాపు ముందు ఆటో ఆగింది. డ్రైవరు దిగకుండానే తల బయటపెట్టి కేకేశాడు.

"ఏవండోయ్, టీసీల మేడంగారు పోయేరంటండి! తెల్లారగట్ట నిద్దట్లోనేనంట. మూడింటికి చర్చిలో ప్రార్థనంట. మీకు తెలుసో లేదో అని."

చెప్పి వెళ్ళిపోయాడు. అతను స్కూలు వదిలేటప్పుడు ఆవిడ దగ్గర టీసీ తీసుకున్నవాడే. ఊళ్ళో ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళలో సగంమంది ఆవిడ చేతి టీసీలతోనే బయటపడ్డారు. నేను ఉపన్యాసం ఎక్కడ ఆపానో మర్చిపోయాను. "తర్వాతండీ?" అన్నాడు అగ్రహారం ఆయన. రేపు రండి అని పంపించేశాను. షట్టర్ దించాలా వద్దా అన్నది మాత్రం ఎంతకీ తేలలేదు. ఆవిడ నాకు చుట్టమా అంటే కాదు. పాఠం చెప్పిన పంతులమ్మా అంటే అదీ కాదు. షాపు పెట్టిన కొత్తలో నాకు మొదటి పని ఇప్పించింది ఆవిడ. ఆవిడ ఉద్యోగం పోవడానికి కారణం నేను. అయ్యానా, కాలేదా అన్నది నాకు ఇప్పటికీ గందరగోళమే. అందుకే రాస్తున్నాను, రాస్తే అయినా తేలుతుందేమోనని.

ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు క్లర్కుగా ఆవిడ ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, పమిటకి పిన్ను, మెడలో నల్ల తాడుకి వేలాడే కళ్ళజోడు, మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకున్న చేతి గడియారం. టైము చూడాలంటే ఎవరికో ఏదో ఇస్తున్నట్టు అరచెయ్యి పైకి తిప్పేవారు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. కోపం రావడం నేను చూడలేదు. నవ్వడం కూడా పెద్దగా చూడలేదు. ఏమన్నా చెబితే, విన్నది సరిగ్గా విన్నానా అన్నట్టు ఒక క్షణం ఆగి, "సరే" అనేవారు. ఆ "సరే" అంటే ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా అనేది ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ అర్థం కాలేదు.

ఆవిడ పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆఫీసుకి వచ్చి, రెండు వేళ్ళతో కంప్యూటర్ బటన్ నొక్కేవారు. ఒక వేలు చాలు, కానీ రెండు పెట్టేవారు. తర్వాత దాని వైపు చూసేవారు కారు. కిటికీ రెక్కలు తీసేవారు, బల్ల తుడిచేవారు, గోడ మీది క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపేవారు, కూజాలో నీళ్ళు నింపించేవారు, నిన్న సగంలో ఆగిన కాగితాల కట్ట విప్పి వరసలో పెట్టేవారు. ఇవన్నీ అయ్యాక కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకునేసరికి స్క్రీన్ మీద బొమ్మలు ఒకటొకటిగా పడుతూ ఉండేవి. నేనొకసారి లెక్కపెట్టాను, పదకొండు నిమిషాలు. ఆలోపు ఎవరన్నా వస్తే, "కూర్చో బాబూ, అదింకా లేవలేదు" అనేవారు, లోపలి గదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు.

ఇక టీసీ రాయడం. అది చూడాలి గానీ చెబితే నమ్మరు. ఏటా మేలో, జూన్‌లో స్కూలు మారే పిల్లలూ తల్లులూ ఆఫీసు బయట బెంచీల మీద కిక్కిరిసి ఉండేవాళ్ళు. ఒకసారి నేను అక్కడ ప్రింటర్ బాగుచేస్తుండగా దరియాలతిప్ప నుంచి ఒకావిడ, ఏడో తరగతి పూర్తయిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫైలు తెరుచుకోవడానికి ఎప్పట్లాగే చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక మేడం ఒక్కొక్క గడీ బయటికి చదవడం మొదలుపెట్టారు.

"పిల్ల పేరు ఇదేనా అమ్మా? ఇంటిపేరు ముందా, వెనకా?"

"మీరెలా రాత్తే అలాగేనండి."

"నేనెలా రాస్తే అలా కాదమ్మా. నువ్వెలా పెట్టేవో అలా."

"ఆయ్, ముందేనండి."

"పుట్టిన తేదీ చదువుతున్నాను, వినమ్మా." చదివారు. "ఇదేనా?"

"తుపానొచ్చిన ఏడు పుట్టిందండి. తుపాను ముందో ఎనకో మా అత్త కెరికండి."

"మరి మీ అత్తనడిగి రా."

"ఇప్పుడాండీ? తిప్పకెళ్ళి రావాలండి!"

"ఫోనుంది కదా, చెయ్యి."

ఆవిడ ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తలేదు, మళ్ళీ చేసింది, ఎత్తి తుపాను ముందేనంది, తేదీ సరిపోయింది. ఇవన్నీ అయ్యేసరికి నా ప్రింటర్ బాగుపడింది. అయినా లేవలేదు నేను, చూద్దామని.

"పుట్టుమచ్చలు. కుడి మోచేతి మీద ఒకటి. ఏదీ, చూపించు తల్లీ."

పిల్ల చెయ్యి చాపింది. అక్కడ ఏ మచ్చా లేదు. ఎక్కడన్నా అంతే కదా, పుట్టుమచ్చల గడి దగ్గర ఎవరికి తోచింది వాళ్ళు రాసేస్తారు. నా సర్టిఫికెట్లో ఎడమ చెంప మీద అని ఉంటుంది, నా చెంప మీద మొటిమ తప్ప ఎప్పుడూ ఏమీ లేదు.

"చేరినప్పుడు గబగబా రాసేసేరండి," అంది తల్లి, తప్పు తనదే అన్నట్టు.

"మరి నిజం మచ్చ ఎక్కడుంది?"

"మెడెనకాలండి. ఇదిగోండి, సింతగింజంత."

మేడం లేచి బల్ల ఇవతలికి వచ్చి, పిల్ల జడ పక్కకి తీసి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. వెనక్కి వెళ్ళి కూర్చుని టైపు చేశారు. అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి అందులో కూడా దిద్ది, పక్కన హెడ్మాస్టరు సంతకం పెట్టించుకు రమ్మని అటెండర్ని పంపారు. "ఇప్పుడు ఈ పిల్ల ఈ పిల్లే" అన్నారు, ఎవరితోనో తెలియదు.

ఈలోగా బయట ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఇక్కడే అసలు విశేషం. ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ మేడం మీద కోపం లేదు. అందరికీ కంప్యూటర్ మీదే. అటెండర్ గుమ్మంలో నిలబడి, "సిస్టం స్లోగా ఉందండి, కాసేపాగండి, మేడంగారేం చేత్తారు పాపం" అనేవాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. సిస్టం నిజంగానే స్లో. జనం దాన్ని తిట్టుకుంటూ విసనకర్రలూ కాగితాలూ విసురుకునేవాళ్ళు. లోపల మేడం తాపీగా ఇంకో పిల్ల తాతపేరు చదువుతూ ఉండేవారు.

ఎందుకలా అని నేను అడగని వాళ్ళు లేరు. అటెండర్ చెప్పిన ప్రకారం, ఎప్పుడో ఒక కుర్రాడు, మాకు రాజధాని పాండీయే కాబట్టి, కాలేజీ సీటు కోసం అక్కడికి కౌన్సిలింగుకి వెళ్తే టీసీలో నెల తప్పుందని వెనక్కి పంపేశారట. మళ్ళీ రైలెక్కి ఇక్కడికొచ్చి దిద్దించుకుని వెళ్ళేసరికి సీటు పోయింది, అప్పట్నుంచీ మేడం ఇలా. ఒక టీచరేమో, ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు, ఆ సంగతి దాచుకోవడానికే పైకి చదువుతుంది అంది. మా ఆవిడ రెండూ కొట్టిపారేసింది. "ఒంటరి మనిషి. ఇంటికెళ్తే పలకరించేవాళ్ళు లేరు. అంత మాట్లాడుకునే వీలు ఇంకెక్కడ దొరుకుద్ది?" అంది. మూడూ నిజంలాగే ఉన్నాయి. ఏది నిజమో నాకు తెలియదు.

నా షాపు పెట్టిన కొత్తలో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, అటెండర్ చేత కబురంపి నన్ను పిలిపించింది ఆవిడే. నా పని నచ్చి టీచర్లందరికీ నా పేరు చెప్పారు. ఆ విధంగా ఆ కంప్యూటర్‌ని నేను ఏళ్ళ తరబడి చూశాను. మొదటిసారి తెరిచి చూస్తే రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయి.

"ఇలా రెండుంటే ఒకదాన్నొకటి దొంగ అనుకుంటాయి మేడం. ప్రతి ఫైలునీ ఇదీ తనిఖీ చేస్తుంది, అదీ తనిఖీ చేస్తుంది. ఒకటి తీసేస్తాను."

"ఉండనీ బాబూ. ఒకటి కునుకు తీస్తే రెండోది చూస్తుంది."

"అవి కునుకు తియ్యవు మేడం."

ఒక క్షణం ఆగి, "సరే" అన్నారు. తీసేశాను. నాలుగు నెలల తర్వాత వెళ్ళి చూస్తే మళ్ళీ రెండున్నాయి. ఆన్ చేయగానే వాటంతట అవే లేచి కూర్చునే ప్రోగ్రాములు ఓ పద్నాలుగు ఉండేవి. రోజుకొక వాక్యం చూపించేది, వాతావరణం చెప్పేది, ఎప్పుడో పారేసిన ప్రింటర్ల తాలూకు సహాయకులు మూడు, గడియారం ఒకటి. అన్నీ ఆపేసి వచ్చేవాణ్ణి. మళ్ళీ వెళ్ళేసరికి అన్నీ లేచి ఉండేవి. కంప్యూటర్‌కి పాత కర్టెన్ గుడ్డతో తొడుగు కుట్టారు, నీలం పువ్వులది. బటన్ దగ్గర కన్నం పెట్టి, చుట్టూ కాజా కుట్టు కూడా వేశారు. వెనక ఫ్యాన్ దగ్గర మాత్రం కన్నం లేదు. దానికి గాలి కావాలి మేడం, తొడుగు తీసెయ్యండి అంటే, "సరే." తర్వాతిసారి అదే తొడుగుకి కొత్త లేసు కుట్టి ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ర్యామ్ పెంచుదామని స్కూలు నడిపే కరెస్పాండెంట్ గారికి చెబితే, "పని జరుగుతోంది కదయ్యా" అనేవారు. జరుగుతోంది మరి.

కరెస్పాండెంట్ గారు చెడ్డమనిషి అని రాస్తే నాకు చాలా సులువుగా ఉంటుంది. ఆయన చెడ్డమనిషి కాదు. వరదొచ్చినప్పుడు స్కూలు గదులు తెరిచి జనానికి అన్నం పెట్టించిన మనిషి. మూడేళ్ళ కిందట ఒక మే నెలలో నన్ను తన గదిలోకి పిలిచారు. బయట బెంచీలు నిండిపోయి ఉన్నాయి. ఆ పొద్దున్నే ఒక తండ్రి ఆయన మీద కేకలేసి వెళ్ళాడట, టీసీకి మూడు రోజులా అని.

"నాకొకటి తేల్చు," అన్నారు. "మెషీనా, మనిషా? ఎవర్నడిగినా మెషీనంటున్నారు. మెషీనైతే బాగుచెయ్యి, ఏం కావాలో అది వేసెయ్. మనిషైతే నేను చూసుకుంటాను. ఆవిడకీ పెద్ద వయసొచ్చింది, విశ్రాంతి తీసుకోమందాం."

నా బుర్రలో "బాగుచెయ్యి, ఏం కావాలో వేసెయ్" అన్నది తప్ప రెండో ముక్క ఎక్కలేదు. ఇన్నేళ్ళకి ఆ కంప్యూటర్ పూర్తిగా నా చేతికి వచ్చిందని సంబరపడిపోయాను. వరండాలోకి వస్తే మేడం ఎదురయ్యారు. తలుపు పల్చటిది, విన్నట్టే ఉన్నారు.

"బాబూ, అది అంత బాగుపడాలంటావా?"

"భలేవారే మేడం! రేపట్నుంచి చూడండి, విమానమే."

"నాకెందుకు బాబూ విమానం," అన్నారు నెమ్మదిగా. నేను నవ్వేశాను. హాస్యమాడుతున్నారనుకున్నాను.

మర్నాడు తొడుగు విప్పి, మరలు తీసి పక్క రేకు లాగాను. ఈ పనిలో ఉండి నేను చాలా కంప్యూటర్లు విప్పాను. బల్లిగుడ్లు చూశాను, చీమల పుట్ట చూశాను, రొయ్యల ల్యాబులో అయితే ఉప్పుగాలికి తుప్పుపట్టి పొడిపొడిగా రాలిన రేకులు చూశాను. ఇది వేరు. లోపలంతా ఎర్రగా, పసుప్పచ్చగా ఉంది. ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు అటెండర్ దానికి పసుపు రాసి, గుప్పెడు కుంకం చల్లి, ముందు సాంబ్రాణి పొగ వేస్తాడు. దండం పెట్టుకునేటప్పుడు మెషీన్ ఆన్‌లో ఉండాలని అతని పట్టుదల. ఫ్యాన్ శ్రద్ధగా ఆ కుంకం అంతా లోపలికి పీల్చుకుంది. పొగ జిడ్డుకి అది అంటుకుని పొరలు పొరలుగా గట్టిపడింది. పై రేకు మీద తుప్పు చుక్కలు కూడా ఉన్నాయి. అవేమిటంటే, జనవరిలో ఫాదర్ గారొచ్చి ఆఫీసు గదిని ఆశీర్వదించేటప్పుడు మేడం కంప్యూటర్ మీద కూడా నాలుగు చుక్కలు చల్లించేవారట. ఎవరి ప్రేమ వాళ్ళది. అన్నీ కలిసి దానికి ఊపిరాడకుండా చేశాయి.

"పూజ చేయబట్టే ఇన్నాళ్ళు నడిచిందండి," అన్నాడు అటెండర్ ఛాతీ విరిచి. కాదనడానికి నా దగ్గర రుజువు లేదు.

చిప్పు వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి నడక తగ్గించుకుంటుంది. ఈ మెషీన్ ఆన్ చేసిన రెండు నిమిషాలకే వేడెక్కి, రోజంతా నెమ్మదిగానే నడిచేది. బ్లోయర్‌తో ఊది, బ్రష్‌తో గీకి, చిప్పు వేడిని లాగడానికి దాని మీద పూసే పేస్టు ఎండిపోయి పెచ్చులుగా రాలుతుంటే తుడిచి కొత్తది పూశాను. రెండో జబ్బు హార్డ్ డిస్క్. అది లోపల తిరిగే పళ్ళెం. కొన్నిచోట్ల దెబ్బతిని, ఆ చోటికి వచ్చినప్పుడల్లా చదివిందే మళ్ళీ చదువుతూ ఆగిపోయేది. పైగా నిండా నిండిపోయి ఉంది. దాని బదులు తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీ పెట్టాను. ర్యామ్ రెట్టింపు చేశాను. ఒక యాంటీవైరస్ తీసేశాను. పద్నాలుగు ప్రోగ్రాముల్నీ ఆపడం కాదు, ఈసారి వేళ్ళతో సహా పీకేశాను. పాత కంప్యూటర్‌ని మళ్ళీ పరిగెత్తించడంలో ఉన్న రహస్యం ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పిల్లల ఫైళ్ళు కొత్తదానిలోకి కాపీ అవడానికి సాయంత్రం దాకా పట్టింది. మేడం స్టూలు మీద కూర్చుని కదల్లేదు. భోజనానికి కూడా లేవలేదు. "ఒక్కటీ పోలేదు కదా?" అని ఓ పదిసార్లు అడిగుంటారు. పోలేదని చెప్పినా, అయిపోయాక ఎప్పటెప్పటివో ఏడెనిమిది ఫైళ్ళు తెరిచి పైకి చదివి చూసుకున్నారు. వరదలో కాగితాలు తడిసిపోయాయని పదేళ్ళ కిందటి పిల్లలు కూడా వచ్చి అడుగుతారట. "ఇందులో లేకపోతే వాళ్ళకింకెక్కడా లేదు బాబూ" అన్నారు.

తర్వాత మెషీన్ ఆపి, మీరే ఆన్ చెయ్యండి మేడం అన్నాను, గొప్పగా. రెండు వేళ్ళతో నొక్కారు. అలవాటు ప్రకారం కిటికీ వైపు తిరిగారు. సాయంత్రం కిటికీ తెరవాల్సిన పని లేదు, అయినా చెయ్యి వెళ్ళింది. ఒక రెక్క తీసి, రెండో రెక్క గడియ మీద చెయ్యి పెట్టేలోపు వెనక కంప్యూటర్ కూత వినిపించింది. పంతొమ్మిది సెకన్లు.

"అయిపోయిందా?" అన్నారు, గడియ మీంచి చెయ్యి తీయకుండానే.

అది ఆశ్చర్యం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మొహంలో ఉన్నది ఆశ్చర్యం కాదేమో అనిపిస్తుంది. భయమని చెప్పడానికీ నాకు నోరు రాదు, ఆవిడ భయపడగా నేనెప్పుడూ చూడలేదు కాబట్టి పోల్చుకోలేను.

కరెస్పాండెంట్ గారు వచ్చి చూసి, భుజం తట్టి, "ఏమేం చేశావో ఒక కాగితం మీద రాసివ్వు" అన్నారు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఆయన చదివి, చివర్లో ఒకచోట ఆగి, మళ్ళీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. అందులో ఏం రాశానో చెప్పడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు. చెబుతాను.

జూన్ వచ్చింది. ఏదో పని మీద స్కూలుకి వెళ్తే బెంచీలు అలాగే నిండి ఉన్నాయి. లోపల ఫైలు రెప్పపాటులో తెరుచుకుని సిద్ధంగా ఉంది. మేడం చదువుతున్నారు. పేరు, ఇంటిపేరు ముందా వెనకా, తాతపేరు, ఏదీ నీ చెయ్యి చూపించు నాన్నా. అంతకుముందు ఒక్కో టీసీకి ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ దాదాపు అంతే. తేడా ఏమిటంటే ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. స్క్రీన్ ఎదురు చూస్తోంది, ఆవిడ ఆలస్యం చేస్తున్నారు. అటెండర్ గుమ్మంలో నిలబడే ఉన్నాడు, కానీ చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. "ఇంకా ఎంతసేపమ్మా!" అని ఒకాయన లోపలికి అరిచాడు. ఆవిడ మీద ఎవరన్నా అరవగా నేను వినడం అదే మొదటిసారి.

ఆ నెలాఖరుకి ఆవిడని విశ్రాంతి తీసుకోమన్నారు. శాలువా కప్పారు. కొత్తగా ఒకమ్మాయి వచ్చింది, నాలుగు నిమిషాలకో టీసీ ఇచ్చేస్తుంది. ఆ అమ్మాయి తప్పులతడకగా రాసి పిల్లలు పాండీ నుంచి వెనక్కొచ్చారని రాయగలిగితే ఎంత బాగుండును. అలాంటిదేమీ జరగలేదు, నాకు తెలిసినంతవరకూ. ఆ అమ్మాయి మంచి పనిమంతురాలు.

అప్పట్నుంచీ నన్ను ఒక్కటే తొలిచేస్తోంది. ఆవిడకి తెలుసా? తెలిసే దాన్ని అలా ఉంచారా? తీసేసిన యాంటీవైరస్ మళ్ళీ ఎవరు పెట్టారు? పద్నాలుగు ప్రోగ్రాములు వాటంతట అవే ఎలా లేచాయి? ఒకరోజు ప్రింటర్ మొరాయిస్తే, నేను చూడటం లేదనుకుని, ఎక్కడో లోపలికి వెళ్ళి ఏదో ఆపి మళ్ళీ నడిపించి, పది సెకన్లలో బాగుచేసేశారు. ఆ కిటుకు నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. సరే, తెలిసిన మనిషే అనుకుంటానా, ఆ మర్నాడే ఫోన్ చేసి, "బాబూ, బాణం గుర్తు ఎటో పోయింది, ఒకసారి రావా" అన్నారు. అంత తెలిసిన మనిషైతే తొడుగుకి లేసు ఎందుకు కుడతారు? లేసు కుట్టేంత అమాయకురాలైతే ఆ ప్రింటర్ సంగతేమిటి? ఇటు నుంచి ఆలోచిస్తే మోసగత్తె, అటు నుంచి ఆలోచిస్తే పసిపిల్ల. రెండూ ఆవిడ కాదు. ఆవిడ ఎవరో నాకు తెలియదు.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం ఆవిడే నా షాపుకి వచ్చారు. చిక్కిపోయారు. ఫోన్ బల్ల మీద పెట్టి, "ఇది నిదానమైపోయింది బాబూ. నిదానంగా ఉన్నా పర్లేదు గానీ ఫోటోలు పోకూడదు" అన్నారు. కుర్చీ వేశాను. అక్కర్లేనివి తీసేస్తూ, తల వంచుకునే, ధైర్యం చేసి అడిగేశాను.

"మేడం, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకూడదు. ఆ స్కూల్లో సిస్టం అలా ఉండడం... మీరు తెలిసే..."

ఆగారు. ఎప్పుడూ ఆగే క్షణం కన్నా ఎక్కువసేపే ఆగారు.

"తెలుసో తెలీదో నాకే తెలీదు బాబూ," అన్నారు. "అది నిదానంగా ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ తొందరపెట్టలేదు. అదేంటో అని నేనూ ఎప్పుడూ ఆలోచించుకోలేదు. నువ్వొచ్చి బాగుచేసినప్పుడల్లా మాత్రం రెండ్రోజులు నిద్ర పట్టేది కాదు."

నేను ఫోన్‌లో ఇంకో నాలుగు అక్కర్లేనివి తీసేశాను. ఆ మాట మీద ఆపేసి ఉంటే బాగుండేది. కానీ నా నోరు ఊరుకోదు.

"ఆ కాగితం మేడం... కరెస్పాండెంట్ గారు అడిగితే రాసిచ్చాను..."

"చూపించేరు నాకు. రెండుసార్లు చదివేను." కళ్ళజోడు తీసి పమిటకొంగుతో తుడుచుకున్నారు. "నీ చేతిరాత బాగుంది బాబూ. కింద తారీకు కూడా వేసేవు. చాలామంది వెయ్యరు."

ఫోన్ తీసుకుని, ఒకటి రెండు ఫోటోలు తెరిచి చూసుకుని, వస్తాను బాబూ అని లేచారు. మెట్టు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుందామని వెళ్ళాను, అప్పటికే దిగిపోయారు.

ఇప్పుడు చెబుతాను. కరెస్పాండెంట్ గారు అడిగింది ఏమేం చేశానో రాయమని. ఫ్యాన్ శుభ్రం చేశాను, పేస్టు మార్చాను, డిస్క్ మార్చాను, ర్యామ్ వేశాను, అక్కడితో అయిపోయింది ఆయన అడిగింది. ఆ కింద, "ఇకమీదట పని ఆలస్యమైతే దానికి కంప్యూటర్ కారణం కాదు" అని ఒక వాక్యం ఉంటుంది. అది రాయమని ఎవరూ అడగలేదు. నా పనితనం ఎంత గట్టిదో చాటుకోవాలని నేనే రాశాను. రాసేటప్పుడు ఆవిడ నా ఎదురుగా స్టూలు మీదే కూర్చుని ఉన్నారు. పొద్దున్న లేస్తే సాయంత్రానికి ఇచ్చేస్తానండి, రేపొచ్చేస్తుందండి అని ఎంతమందికి ఎన్ని అబద్ధాలు చెబుతానో నాకే లెక్క లేదు. ఇది పాతది సార్, ఇంకో ఆర్నెల్లు ఇలాగే సతాయిస్తుంది అని అక్కడ ఇంకొక్కటి చెబితే నా సొమ్మేం పోయేది?

ఆ వాక్యం ఆయన రాయించారని ఆవిడ అనుకున్నారో, నాదేనని రెండోసారి చదివినప్పుడు తెలిసిపోయిందో. ఆ రోజు షాపులో చెప్పేద్దామనే నోరు తెరిచాను. "ఆయన అడిగితే రాసిచ్చాను" అని బయటికొచ్చింది. తర్వాత వెళ్ళి చెబుదామనుకున్నాను. చర్చి వెనక సందులో, మా షాపు నుంచి నడిచి వెళ్తే పది నిమిషాలు పట్టని చోట ఉండేవారు. ఏడాది గడిచింది, వెళ్ళలేదు. మంగళవారం షట్టర్ దించి మూడింటికి చర్చికి వెళ్ళాను. అటెండర్ నాకు పక్కన చోటిచ్చాడు. అందరూ వరసగా ముందుకి, పెట్టె దగ్గరికి వెళ్ళి ఆవిడని చూసి వస్తున్నారు. నేనూ వెళ్ళి నిలబడి, మేడం, అది నేనే రాశానండి అన్నాను.